పట్టా ఎవరి పేర?

సోషలిజం, కమ్యూనిజం అనే రెండు మాటలు మన ఇళ్లల్లో కవలపిల్లల్లా మసలుతూ వుంటాయి. ఒకరిని పిలిస్తే మరొకరు పలుకుతారు. పనిమనిషికి పండుగకు కొత్త చీర పెట్టమన్న మావగారు సోషలిస్టు. జీతం పెంచమన్న గుమాస్తా కమ్యూనిస్టు. అసలీ రెండింటికీ తేడా ఏమిటని ఇంటర్మీడియెట్ చదివే మా మేనకోడలు అడిగేసరికి, ఇంట్లో నలుగురం నాలుగు విధాలుగా చెప్పాం. "తేడా ఏముంది, మోతాదు తేడా!" అని తేల్చేశారు మా బావగారు, కాఫీలో చికోరీ సంగతి చెబుతున్నట్టు.

ఈ గందరగోళంలో తెలుగు భాషకూ కొంత వాటా వుంది లెండి. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగ పీఠికలో సోషలిస్టు అన్న మాట చేరింది. దాన్ని తెలుగులో "సామ్యవాద" అని వేశారు. అదే సామ్యవాదాన్ని మన పుస్తకాలలో కొందరు కమ్యూనిజానికి వాడారు. ఇంకొందరు సోషలిజాన్ని సమాజవాదం అన్నారు. ఇక పిల్లలు ఏం చేస్తారు? ఆ మాటను పీఠికలోంచి తీసెయ్యాలని కొందరు సుప్రీంకోర్టుకు వెళితే, 2024 నవంబరులో న్యాయస్థానం వారి పిటిషన్లను తోసివేసింది. మన దేశంలో ఆ మాటకు సంక్షేమ రాజ్యమనే అర్థం చెప్పుకోవాలనీ, సొంత వ్యాపారానికీ సొంత ఆస్తికీ అది అడ్డు రాదనీ వివరించింది.

రష్యా సంగతి ఇంకా చిత్రం. 1991 డిసెంబరులో అంతరించిన ఆ రాజ్యం పేరు సోవియట్ సోషలిస్టు రిపబ్లిక్కుల సమాఖ్య. దాన్ని ఏలిన పార్టీ పేరు కమ్యూనిస్టు పార్టీ. పార్టీ ఒకటి, రాజ్యం ఇంకొకటి ఎందుకయింది? తేడా అంతా ఈ ప్రశ్నలోనే వుంది.

1875లో కార్ల్ మార్క్స్ తన జర్మను అనుచరుల కార్యక్రమాన్ని విమర్శిస్తూ రాసిన ఒక వ్యాసంలో, పెట్టుబడిదారీ వ్యవస్థ పోయాక వచ్చే సమాజానికి రెండు దశలు వుంటాయన్నాడు. మొదటి దశలో ఫ్యాక్టరీలూ, గనులూ, పొలాలూ సమాజానివే అయినా, మనిషికి ముట్టేది అతను చేసిన పనినిబట్టి. పై దశలో శక్తి వున్నంత పని, అవసరం వున్నంత తిండి. 1917లో లెనిన్ మొదటి దశకు సోషలిజమనీ, పై దశకు కమ్యూనిజమనీ పేర్లు ఖాయం చేశాడు. కమ్యూనిస్టు పార్టీ అంటే ఆ రెండో మెట్టుకు బయలుదేరిన పార్టీ. సోషలిస్టు రాజ్యం అంటే మొదటి మెట్టు మీద నిలబడ్డ రాజ్యం.

మా మేనకోడలికి ఇలా చెప్పాను: మీ తాతగారి ఉమ్మడి కుటుంబం చూడు. పెద్దన్నయ్య జీతం తెచ్చాడు, చిన్నవాడికి ఉద్యోగం లేదు, నాయనమ్మ మంచం మీద వుంది. విస్తరి ముందు ఎవరూ ఎవరి సంపాదనా అడగరు. ఆకలి వున్నవాడికి అన్నం, జబ్బు వున్నవారికి పాలు. అది కమ్యూనిజం. అదే ఇంటికి కోతలకు వచ్చిన కూలీలకు కోసినదాన్నిబట్టి ధాన్యం కొలిచి, మధ్యలో దళారీ లేకుండా చూస్తే సోషలిజానికి దగ్గర. "ఉమ్మడి కుటుంబం ఎందుకు విడిపోయింది మరి?" అని అడిగింది ఆ పిల్ల. తోడికోడళ్లను అడగమన్నాను.

సొంత ఆస్తి విషయంలో ఒక అపోహ వుంది. మీ ఇంటి కుట్టుమిషను మీద మీ పిల్లల గౌన్లు మీరు కుట్టుకుంటే కమ్యూనిస్టు పుస్తకం దాని జోలికి రాదు. పది మిషన్లు పెట్టి, పదిమందిని కూర్చోబెట్టి, వాళ్లు కుట్టినదానిలో లాభం మీరు తీసుకుంటే అప్పుడు వస్తుంది. మంచం, కంచం, మంగళసూత్రం వంటివి లెక్కలోకి రావు. లెక్కలోకి వచ్చేవి నేల, గని, యంత్రం. సోషలిస్టులలో చాలామంది ఈ మాత్రం కూడా అనరు. కీలకమైన పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో వుంటే చాలు, మిగతావాటి మీద పన్ను వెయ్యి, ఆ డబ్బుతో బడీ ఆసుపత్రీ నడుపు అంటారు. బ్రిటనులో 1945లో గెలిచిన లేబరు ప్రభుత్వం 1947లో బొగ్గుగనులు తీసుకున్నది, 1948లో ఉచిత వైద్యం పెట్టింది. అదంతా ఓట్లతోనే జరిగింది, తరువాత ఓట్లతోనే దిగిపోయింది. కమ్యూనిస్టులకు ఈ దిగిపోవడమే మింగుడు పడని విషయం.

పుస్తకం ఇక్కడికి చాలు. ఈ తేడాను నేల మీద చూపిస్తానని పిల్లను వెంటబెట్టుకుని మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను.

బస్సులోనే మొదటి పాఠం దొరికింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి ఈ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపించి మా మేనకోడలు సున్నా టిక్కెట్టు పుచ్చుకుంది. నేను డబ్బిచ్చి కొనుక్కున్నాను. "ఇది కమ్యూనిజమా మామయ్యా?" అంది. కాదమ్మా, నీ టిక్కెట్టు డబ్బు ప్రభుత్వం ఖజానా నుంచి సంస్థకు కడుతుంది, ఖజానాకు మనం కడతాం అన్నాను. "అయితే బస్సు ప్రభుత్వానిది కాబట్టి సోషలిజం?" అంది. ఇక్కడే చాలామంది కాలు జారతారు. ఈ బస్సు సంస్థ పుట్టింది 1932 జూనులో, 27 బస్సులతో, నిజాం రైల్వే శాఖలో. రైల్వేను అంతకు రెండేళ్ల ముందే నిజాం ప్రభుత్వం కొనేసింది. దేశంలో రోడ్డు రవాణాను ప్రభుత్వపరం చేసిన తొలి వాళ్లలో నిజాం ఒకడు. మరి ఏడో నిజాము సోషలిస్టా? హైదరాబాదు చుట్టూ వున్న అత్రాఫ్ బల్దా జిల్లా అంతా సర్ఫేఖాస్, అంటే ఆయన సొంత ఎస్టేటు! దాని ఆదాయం ఆయన సొంత ఖర్చుకే. 1949 ఫిబ్రవరిలో గాని అది సర్కారులో కలవలేదు.

సర్కారు చేతిలో ఏముందన్నది కాదు ప్రశ్న; సర్కారు ఎవరి చేతిలో వుందన్నది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే ఎన్నికల ఉపన్యాసాలలో సగం తేలిపోతాయి.

మొయినాబాదు దాటాక రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు మొదలవుతాయి. మన్నెగూడ దాకా తొమ్మిది వందల పైచిలుకు వున్నాయని లెక్క. రోడ్డు వెడల్పు చెయ్యడానికి వాటిని కొట్టకూడదని జనం ట్రిబ్యునలుకు ఎక్కారు. నాటినవాడి పేరు ఎవరికీ తెలియదు, నీడకు పట్టా లేదు. అన్నీ మర్రిచెట్లలాంటివైతే ఈ వ్యాసం రాయవలసిన పనే వుండేది కాదు. పొలం అలాంటిది కాదు గదా.

మొయినాబాదు మండలంలో పెద్ద మంగళారం అనే వూరు వుంది. కొండా వెంకట రంగారెడ్డి గారు 1890లో పుట్టింది అక్కడే. వకీలుగా పేరు తెచ్చుకుని, ఆంధ్ర మహాసభకు 1936లో షాద్‌నగరులోనూ, 1943లో హైదరాబాదులోనూ అధ్యక్షత వహించారు. 1952లో హైదరాబాదు రాష్ట్రంలో మంత్రి, తరువాత ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి. 1970లో పోయారు. 1978 ఆగస్టు 15న ఏర్పడ్డ జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అదే మహాసభలో ఆయన ఎదుటి వరుసలో కూర్చున్న మరొక రెడ్డిగారు రావి నారాయణరెడ్డి, నల్లగొండ జిల్లా బొల్లేపల్లి వారు. ఆయన 1941లో అధ్యక్షత వహించిన సభ చిలుకూరులో జరిగింది. వీసాల బాలాజీ గుడి వున్న మన మొయినాబాదు చిలుకూరు కాదు సుమండీ, నల్లగొండ వైపు చిలుకూరు. బస్సులో ఒకాయన ఈ రెండింటినీ కలిపేసి నాతో గట్టిగా వాదించాడు.

ఇద్దరూ భూములున్న ఇంటివారే, ఇద్దరూ నిజాం నిరంకుశత్వాన్ని ఎదిరించినవారే. 1944 భువనగిరి సభ దగ్గర దారులు చీలాయి. సభ్యత్వ రుసుము ఒక్క అణాకు తగ్గించి, కూలివాడినీ పాలేరునూ సభలోకి తెచ్చారు నారాయణరెడ్డిగారి పక్షం వారు. పాత పెద్దలు విడిపోయారు. నా మటుకు నాకు తెలంగాణలో సోషలిజమూ కమ్యూనిజమూ విడిపోయిన చోటు ఆ అణా దగ్గరే కనిపిస్తుంది. మార్పు రావాలని ఇద్దరూ అన్నారు. ఎవరు తెస్తారు, ఎవరిని అడిగి తెస్తారు అన్న దగ్గర వచ్చింది తగవు. వకీలుగారి దారి చట్టసభ; సంఘం వారి దారి వూరు లేవడం.

వూరు లేచింది. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం ప్రాంతాలలో జరిగిన సాయుధ పోరాటం సంగతి మీకు కొత్త కాదు. సుమారు 3,000 గ్రామాలు తమ అధీనంలోకి వచ్చాయనీ, 10 లక్షల ఎకరాలు పంచామనీ పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు. నాలుగు వేల మంది ప్రాణాలు పోయాయని కూడా ఆయనే రాశారు. నారాయణరెడ్డి గారు అంతకు ముందే సొంత భూమి 500 ఎకరాలు పంచేశారు.

మా మేనకోడలు పట్టుకున్న సంగతి, నేను మామూలుగా చదివి దాటేసేది, ఒకటి వుంది. "పంచిన భూమి ఎవరిదయింది మామయ్యా?" అంది. దున్నేవాడిది. "అంటే అతని సొంతం?" అవును. "మరి సొంతం వుండకపోవడమే కమ్యూనిజం అన్నావుగా?"

నిజమే. తుపాకీ పట్టిన కమ్యూనిస్టులు చేసింది పుస్తకంలోని కమ్యూనిజం కాదు. దొర దగ్గర మొదట 500 ఎకరాల దాకా వదిలారు. తరువాత ఆ హద్దును ఖుష్కి 100 ఎకరాలకు, తరి 10 ఎకరాలకు తగ్గించారు. వెట్టి ఆపారు, బేదఖళ్లు ఆపారు, మిగులు భూమిని ఒక్కొక్క కుటుంబానికి విడివిడిగా ఇచ్చారు. ఉమ్మడి సేద్యం పెట్టలేదు. పెడితే రైతు వెంట వచ్చేవాడూ కాదు. చైనాలో 1958లో ఉమ్మడి కమ్యూన్లు పెట్టి, ఇంటి పొయ్యి ఆర్పించి, వూరుమ్మడి వంటశాలలు నడిపారు. తరువాత మూడేళ్లలో వచ్చిన కరువుకు కోట్లమంది పోయారు. కమ్యూన్లు 1980ల్లో ఎత్తేశారు. చైనా పార్టీ నేటికీ తాను సోషలిజంలో ప్రాథమిక దశలోనే వున్నానంటుంది. 1961లో రష్యా పార్టీ 1980 నాటికి కమ్యూనిజం స్థూలంగా కట్టేస్తామని కార్యక్రమంలో రాసుకుంది. 1980 వచ్చింది, వెళ్లింది. రెండో మెట్టు ఎక్కిన దేశం ఇంతవరకు లేదు.

మరి రెండో పక్షం, చట్టం దారి? జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1950 జూనులో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. అప్పటి రెవెన్యూ మంత్రి, తరువాత ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు గారికి ఆ పేరు దక్కుతుంది. నిర్ణీత కాలంలో కనీసం ఆరేళ్లు కౌలుకు దున్నినవాడు ముఖ్యంగా "రక్షిత కౌలుదారు" అయ్యాడు. వాడిని ఇష్టం వచ్చినట్టు లేవగొట్టకూడదు, ధర కట్టి కొనుక్కునే హక్కు వాడికి వుంది. వినడానికి చక్కగా వుంది. జరిగిందేమిటో ఉస్మానియా ఆర్థికశాస్త్రవేత్త ఎ. ఎం. ఖుస్రో పరిశీలించారు. 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి నూరుమందిలో 1954 నాటికి ఆ హోదాలో మిగిలింది సుమారు 45 మంది. 12 మంది భూమి కొనుక్కున్నారు. 22 మందిని చట్టానికి విరుద్ధంగా వెళ్లగొట్టారు. 17 మంది పైగా "స్వచ్ఛందంగా" వదులుకున్నారు. ఆ స్వచ్ఛందం ఎటువంటిదో పల్లెలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. పోరాటాన్ని 1951 అక్టోబరు 21న విరమించాక ఇదంతా వేగంగా సాగింది. తుపాకీ భయం వున్నన్నాళ్లు ఆగినవాళ్లు చట్టం భయానికి ఆగలేదు. చట్టం పక్షం వారు ఈ అంకెలకు ఇప్పటికీ జవాబు చెప్పుకోవాలి.

మూడో దారి కూడా ఈ చుట్టుపక్కలనుంచే బయలుదేరింది. 1951 ఏప్రిల్‌లో హిమాయత్‌సాగరు సమీపంలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే తెలంగాణ పల్లెలకు నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగి తీసుకోవడం ఈయన పద్ధతి. లాక్కున్నా, చట్టం చేసినా, అడిగినా, చివరికి జరిగేది ఒకటే: పాత పట్టాదారు పేరు కొట్టేసి కొత్త పట్టాదారు పేరు రాయడం.

జనం ఈ తేడాలన్నీ గ్రహించారా అంటే, ఓటు పెట్టె దగ్గర బాగానే గ్రహించారు. 1952లో హైదరాబాదు శాసనసభకు 175 స్థానాలు. కాంగ్రెసుకు 93, కమ్యూనిస్టుల ప్రజాస్వామ్య కూటమికి 42, సోషలిస్టు పార్టీకి 11. రెండు పార్టీలూ వేరువేరుగా నిలబడ్డాయి, ఎవరి ఓట్లు వాళ్లకు పడ్డాయి. నల్లగొండ నుంచి పార్లమెంటుకు నారాయణరెడ్డి గారికి వచ్చిన ఓట్లు నెహ్రూకు కూడా రాలేదు. అవతల ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలకు నెల ముందు, 1955 జనవరిలో, ఆవడి కాంగ్రెసు "సామ్యవాద తరహా సమాజం" తన ఆశయమని తీర్మానించింది. కమ్యూనిస్టుల చేతిలోని సగం మాట కాంగ్రెసు జేబులోకి వెళ్లింది. 196 స్థానాలలో కమ్యూనిస్టులకు వచ్చినవి 15. ఓటమికి అదొక్కటే కారణం కాదనుకోండి. కాని మాటను ఎరువు తెచ్చుకున్నవాడికి ఆ మాట ఖరీదు తెలుసునా అన్నది తరువాత చట్టాల్లో బయటపడింది. 1961 పరిమితి చట్టంలో భూమి తరగతినిబట్టి 27 ఎకరాలనుంచి 324 ఎకరాల దాకా వుంచుకోనిచ్చారు. 1973 చట్టం దాన్ని తరి 10 నుంచి 27కు, ఖుష్కి 35 నుంచి 54కు దించింది. ఈలోగా పన్నెండేళ్లు గడిచాయి. అన్నదమ్ములు, బావమరుదులు, కుక్కలు, పిల్లులు అందరి పేరా భూములు రాసేశారని పల్లెల్లో నేటికీ నవ్వుకుంటారు.

చేవెళ్లలో దిగి, టీ కొట్టు బల్లమీద కూర్చుంటే, పక్కన ఒక పెద్దాయన కలిశారు. తెల్లటి రుమాలు, చేతిలో ఫైలు, తాసీల్దారు కచ్చేరీకి వచ్చారట. మాటల్లో మాటగా వాళ్ల నాయన రక్షిత కౌలుదారని తెలిసింది.

"38-ఇ కాగితం వుందా పెద్దాయనా?" అన్నాను.

"ఉన్నది సారూ. మా నాయిన పేరు మీద ఇచ్చిండ్రు. పెట్టెల పెట్టి తాళమేసినం. కాగితం మా దిక్కున్నది, పహాణీల ఇంకొకల పేరున్నది. తిరుగుతనే ఉన్న."

కౌలుదారీ చట్టంలోని 38-ఇ సెక్షను తెలంగాణలో చాలాచోట్ల అమలులోకి వచ్చింది 1973 జనవరి 1న. దానితో రక్షిత కౌలుదారు, పాత యజమానికి ఒక పరిమితి మేరకు వదిలి, మిగతా భూమికి యజమాని అవుతాడు. చట్టం పుట్టిన 23 ఏళ్లకు యాజమాన్యం! ఆ సర్టిఫికెట్లు పట్టుకుని మనుమల తరం కూడా కచ్చేరీల చుట్టూ తిరుగుతూనే వుంది. ఎందుకంటే ఇప్పుడు మొయినాబాదు, చేవెళ్లలలో ఎకరం ధర కోట్లలో పలుకుతున్నది. జొన్న పండినన్నాళ్లు కాగితం ఎవరికీ అక్కరలేకపోయింది.

"మీరు ఏ పార్టీ?" అని మా మేనకోడలు అడిగేసింది. పిల్లలకు మర్యాద తెలియదు.

పెద్దాయన నవ్వారు. "పార్టీ ఏడిది బిడ్డా! దున్నెటోనికి భూమి అన్నోళ్లందరికీ ఓటేసిన."

మొయినాబాదు భూములకు ఇంకొక ముడి వుంది. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తయ్యాయి. ఆ నీళ్లు చెడకుండా, చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వచ్చింది. 84 గ్రామాలు, 1,32,600 ఎకరాలు. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో సడలించబోయారు; కోర్టుల్లోనూ కమిటీల్లోనూ వాదాలు నడిచాయి. నగరమంతా తాగే నీటికోసం రైతు సొంత భూమి మీద హద్దు పెట్టారన్నమాట. భూమి లాక్కోలేదు, కొనలేదు, పట్టా అతని పేరే వుంది. వాడుక మాత్రం అందరి మేలు చూసి. సోషలిస్టు అయితే ఇది సబబే, కాని రైతుకు నష్టం కట్టి ఇవ్వాలి అంటాడు. కమ్యూనిస్టు అయితే ముందు ఆ ఫారంహౌసుల సంగతి తేల్చమంటాడు. ఎత్తైన గోడల వెనక ఈతకొలనులతో అవి ఎలా లేచాయో కాగితం పెట్టెలో దాచుకున్నవాడికి అర్థం కాదు.

పెద్దాయనకు ఈ సంగతి చెప్పి, మీరేమంటారని అడిగాను.

"నీళ్లు పట్నపోళ్లు తాగుతరు. మంచిదే, తాగాలె. మా ఊరి మనుమలు గూడ పట్నంలనే ఉన్నరు," అన్నారు. "గని ఆగినోళ్లం మేం. గోడలు కట్టినోడు ఆగలే. గదొక్కటి అడుగు సారూ నీ పేపర్ల."

లోపలినుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని, టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వకుండా తానే ఇచ్చి, కచ్చేరీ మెట్లెక్కారు.